ఉద్యాన సంగీత సభలు – పౌర నియమాలు

ఉద్దేశం

ప్రజా ఉద్యానవనంలో జరిగే ఉచిత సంగీత సభకు శ్రోతలతో పాటు చిరువర్తకులు, విరాళాలు కోరేవారు, కరపత్రాలు పంచేవారు కూడా వస్తారు. వీరందరికీ హక్కులున్నాయి. ఆ హక్కులు ఒకదానితో ఒకటి ఒరుసుకొన్నప్పుడు నియమం ఎలా ఉండాలో, ఎలా ఉండకూడదో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

నేపథ్యం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యూయార్క్, షికాగో నగరాలలో ఉచిత ఉద్యాన సంగీత సభలకు దీర్ఘ చరిత్ర ఉంది. ఆ దేశంలో ఉద్యానాల వినియోగం, బహిరంగ స్థలాలలో అమ్మకాలు, విరాళాల అభ్యర్థనల గురించి తలెత్తిన వివాదాలు న్యాయస్థానాల వరకు వెళ్ళాయి. ఆ తీర్పుల ఆధారంగా ఈ సమస్యను ఈ పాఠం పరిశీలిస్తుంది.

పాఠ్యభాగం

పల్లెవాసికి చెరువుగట్టు ఎటువంటిదో నగరవాసికి ఉద్యానవనం అటువంటిది. అక్కడికి వెళ్ళడానికి ఒకరి పిలుపు అక్కరలేదు. కూర్చోవడానికి పైకం చెల్లించనక్కరలేదు. ధనికుడూ, కూలివాడూ ఒకే చెట్టునీడను పంచుకొనే చోట్లు నగరంలో బహు తక్కువ. అటువంటి చోట ప్రవేశ రుసుము లేకుండా సంగీత సభ జరిగితే ఆ నీడకు పాట కూడా తోడవుతుంది. పచ్చికపై దుప్పటి పరచుకొన్న కుటుంబం, ఊతకర్రతో వచ్చిన వృద్ధుడు, పని ముగించుకొని ఇంటికి పోతూ దారిలో ఆగిన కార్మికుడు అందరూ ఒకే స్వరాన్ని వింటారు.

అయితే జనం చేరిన చోటికి వర్తకం చేరుతుంది. పల్లీలు, ఐస్‌క్రీములు, నీళ్ళ సీసాలు అమ్మేవారు వస్తారు. సేవాసంస్థల వారు విరాళాల డబ్బాలు పట్టుకొని వస్తారు. ఒక మతాన్నో, రాజకీయ భావాన్నో ప్రచారం చేసేవారు కరపత్రాలు తెస్తారు. పాడిన కళాకారుడే తన పాటల డిస్కులను వేదిక పక్కన అమ్ముకోవాలనుకొంటాడు. వీరిలో ఎవరి పనీ స్వతహాగా నేరం కాదు. కాని అందరూ ఒకేసారి, అడ్డూ ఆపూ లేకుండా శ్రోతల నడుమ తిరిగితే సభ సంతగా మారుతుంది. అందరినీ తరిమివేస్తే ఉద్యానం ప్రజలది అన్న మాటకు అర్థం పోతుంది. ఈ రెండు కొసల మధ్య దారి వెదకడమే ఇక్కడి సమస్య.

న్యూయార్క్ నగర మధ్యంలో 843 ఎకరాల విస్తీర్ణంలో సెంట్రల్ పార్కు ఉన్నది. ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ అనే ఇద్దరు శిల్పులు 1858లో దాని రూపకల్పన చేశారు. జర్మనీలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన ఎల్కన్ నౌంబర్గ్ అనే సంగీతాభిమాని 1905లో అక్కడ ఉచిత వాద్యబృంద సభలను ప్రారంభించాడు. 1923లో ఆయన విరాళంతో శాశ్వత సంగీత వేదిక ఏర్పడింది. గవ్వ ఆకారంలో అర్ధగోళపు కప్పు గల ఆ వేదికను నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

షికాగోలో ఈ సంప్రదాయం మరొక కారణం చేత వేళ్ళూనుకొన్నది. 1930 దశకంలో ఆర్థిక మాంద్యం వల్ల వాద్యకారులు పని కోల్పోయారు. నగర సంగీతకారుల సంఘానికి నాయకుడైన జేమ్స్ పెట్రిల్లో పూనికతో 1935లో గ్రాంట్ పార్కులో ఉచిత సభలు మొదలయ్యాయి. ప్రజలకు వినోదం, కళాకారులకు జీవనోపాధి రెండూ ఆ సభల లక్ష్యాలు. ఆ సంగీతోత్సవం 2004 నుండి సమీపంలోని మిలీనియం పార్కులో జరుగుతున్నది. అక్కడ ఫ్రాంక్ గేరీ రూపొందించిన వేదిక ముందు సుమారు 4,000 ఆసనాలు, వాటి వెనుక సుమారు 7,000 మంది కూర్చోదగిన పచ్చిక ఉన్నాయి.

ఈ రెండు చరిత్రల నుండి ఒక సత్యం తెలుస్తుంది. శ్రోతకు ఉచితమైన సభ ఎవరికో ఖర్చుతో కూడినదే. ఆ ఖర్చును ఒకచోట దాత భరిస్తాడు, మరొకచోట పన్ను చెల్లించేవారు భరిస్తారు, వేరొకచోట వ్యాపార సంస్థలు భరిస్తాయి. శ్రోత డబ్బు ఇవ్వకపోయినా తన సమయాన్నీ, శ్రద్ధనూ ఇస్తాడు. సభలో తిరిగే ప్రతి విక్రేతా, ప్రతి యాచకుడూ కోరేది ముందుగా ఆ శ్రద్ధనే. అందువల్ల శ్రోత ప్రశాంతతను కాపాడడం నియమానికి తొలి ప్రయోజనం.

తెలుగువారికి ఈ అనుభవం కొత్త కాదు. శ్రీరామనవమి పందిళ్ళలో హరికథలు ప్రవేశ రుసుము లేకుండానే జరుగుతాయి. కథ మంచి పట్టులో ఉండగా చదివింపుల జాబితా వినిపిస్తే శ్రోత మనసు చివుక్కుమంటుంది. అయినా ఆ చదివింపులే హరిదాసుకు ఆదరవు. చదివింపులను మాన్పించడం పరిష్కారం కాదు. వాటిని కథ ముగిసిన తరువాత, లేదా విరామంలో చదవడమే పరిష్కారం. అడగడం తప్పు కాదు, అడిగే వేళ తప్పు కావచ్చు. ఈ చిన్న భేదమే అమెరికా న్యాయస్థానాలలో పెద్ద చర్చగా సాగింది.

అమెరికా రాజ్యాంగానికి 1791లో చేర్చిన మొదటి సవరణ వాక్ స్వాతంత్ర్యానికీ, పత్రికా స్వాతంత్ర్యానికీ, మత స్వాతంత్ర్యానికీ రక్షణ కల్పిస్తున్నది. వీధులు, ఉద్యానాలు ప్రజలు కలుసుకొని మాట్లాడుకోవడానికి అనాదిగా వాడుకొంటున్న చోట్లు అనే భావన 1939 నాటి సుప్రీంకోర్టు తీర్పులో స్పష్టమైంది. ధర్మకార్యాల కోసం విరాళాలు కోరడం కూడా భావప్రకటనలో భాగమేనని అదే న్యాయస్థానం 1980లో అంగీకరించింది. కాబట్టి ఉద్యానంలో ఒకరి నోరు మూయించాలంటే ప్రభుత్వం తగిన కారణం చూపవలసి ఉంటుంది. “మాకు నచ్చలేదు” అన్నది కారణం కాదు.

మరి తగిన కారణం అంటే ఏమిటి? దీనికి సమాధానం నౌంబర్గ్ వేదిక మీదనే దొరికింది. జాతి వివక్షను వ్యతిరేకించే ఒక సంస్థ 1979 నుండి ఏటా అక్కడ రాక్ సంగీత సభలు జరిపేది. ధ్వని మితిమీరుతున్నదని ఇరుగుపొరుగు నివాసులు ఫిర్యాదు చేశారు. సమీపంలోనే ప్రశాంతత కోసం కేటాయించిన షీప్ మెడో అనే విశాలమైన పచ్చిక ఉన్నది. 1984 సభలో పలుమార్లు హెచ్చరించినా ధ్వని తగ్గకపోవడంతో అధికారులు విద్యుత్తును నిలిపివేశారు. ఆ తరువాత నగరం ఒక నియమం చేసింది. దాని ప్రకారం వేదికపై సభ జరిపే వారందరూ నగరమే సమకూర్చిన ధ్వని పరికరాలను, నగరం నియమించిన నిపుణుణ్ణి వినియోగించుకోవాలి. ఇది తమ స్వేచ్ఛకు భంగమని ఆ సంస్థ వాదించింది.

1989లో సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల మెజారిటీతో ఆ నియమాన్ని సమర్థించింది. జస్టిస్ ఆంథొనీ కెనెడీ రాసిన తీర్పులో మూడు పరీక్షలు ప్రధానమైనవి. మొదటిది, నియమం పాటలోని భావాన్ని బట్టి కాక అందరికీ ఒకే విధంగా వర్తించాలి. రెండవది, అది ముఖ్యమైన ప్రజాప్రయోజనం కోసం, ఆ ప్రయోజనానికి సరిపడేంతగా కుదించి ఏర్పడాలి. మూడవది, భావాన్ని వెల్లడించడానికి ఇతర మార్గాలు తగినన్ని మిగిలి ఉండాలి. సంక్షేపంగా చెప్పాలంటే ప్రభుత్వం కాలాన్నీ, స్థలాన్నీ, పద్ధతినీ నియంత్రించవచ్చు, భావాన్ని నియంత్రించరాదు. నియమానికి తాను తప్ప మరో మార్గమే లేదని నిరూపించవలసిన అవసరం లేదని కూడా ఈ తీర్పు చెప్పింది. ముగ్గురు న్యాయమూర్తులు దీనితో విభేదించారు. ప్రభుత్వానికి ఇంత వెసులుబాటు ఇస్తే వాక్ స్వాతంత్ర్యానికి రక్షణ పలచబడుతుందని వారి ఆందోళన.

ధ్వని విషయం ఇలా తేలింది. అమ్మకాలు, విరాళాల విషయంలో దారి చూపిన తీర్పు అంతకుముందే, 1981లో వెలువడింది. అది ఉద్యానానికి సంబంధించినది కాదు. మిన్నెసోటా రాష్ట్ర వార్షిక ప్రదర్శనకు సంబంధించినది. 125 ఎకరాల ఆవరణకు పనిరోజుల్లో సగటున లక్షా పదిహేను వేల మంది, శని ఆదివారాల్లో లక్షా అరవై వేల మంది వచ్చేవారు. సరుకులు అమ్మాలన్నా, పుస్తకాలు పంచాలన్నా, విరాళాలు అడగాలన్నా అద్దెకు తీసుకొన్న స్టాలులో నిలిచి మాత్రమే చేయాలని అక్కడి నిబంధన. ముందు వచ్చినవారికి ముందు స్టాలు దక్కేది. వర్తక సంస్థకైనా, ధార్మిక సంస్థకైనా నిబంధన ఒక్కటే. జనం మధ్య తిరుగుతూ గ్రంథాలు పంచి విరాళాలు స్వీకరించడం తమ మతాచారమని అంతర్జాతీయ కృష్ణచైతన్య సంఘం న్యాయస్థానానికి వెళ్ళింది.

అమ్మకాలనూ, విరాళాల సేకరణనూ ఒకచోటికి పరిమితం చేయడం సమంజసమేనని న్యాయమూర్తులు తొమ్మండుగురూ అంగీకరించారు. ఇరుకైన దారుల్లో జనప్రవాహం నిలిచిపోకుండా చూడడం న్యాయమైన ప్రయోజనమని మెజారిటీ భావించింది. అయితే ఉచితంగా కరపత్రం ఇవ్వడాన్ని కూడా స్టాలుకే పరిమితం చేయడంపై అభిప్రాయభేదం వచ్చింది. ఐదుగురు దానిని సమర్థించగా నలుగురు వ్యతిరేకించారు. సంఘ సభ్యులు ఆవరణలో తిరుగుతూ జనంతో ముఖాముఖి మాట్లాడడానికి మాత్రం నిబంధన ఎటువంటి అడ్డూ చెప్పలేదు.

ఈ అభిప్రాయభేదం వెనుక ఒక సూక్ష్మమైన ఆలోచన ఉన్నది. కరపత్రం అందుకొన్న మనిషి దానిని మడిచి జేబులో పెట్టుకొని నడిచిపోవచ్చు. తీరిక దొరికినప్పుడు చదువుకోవచ్చు. విరాళం అడిగితే ఆ మనిషి అక్కడే ఆగాలి, ఇవ్వాలో వద్దో అప్పటికప్పుడే నిర్ణయించుకోవాలి, సంచి తెరవాలి, చిల్లర వెదకాలి. చుట్టూ ఉన్నవారు చూస్తుండగా కాదనడానికి మొగమాటం అడ్డువస్తుంది. 1992లో న్యూయార్క్ ప్రాంతపు విమానాశ్రయాల విషయంలో సుప్రీంకోర్టు ఈ తేడానే పాటించింది. ఆవరణలో విరాళాల యాచనపై నిషేధం చెల్లుతుందని, కరపత్రాల పంపిణీపై నిషేధం చెల్లదని తీర్పు చెప్పింది. విమానాశ్రయం ఉద్యానం వంటి ప్రజావేదిక కాదని భావించినప్పుడే కరపత్రానికి అంత రక్షణ లభించింది. ఇక ఉద్యానంలో దానికి ఎంత రక్షణ ఉండాలో ఊహించవచ్చు.

అమ్మకం వెంట భావప్రకటన కూడా కలిసి వస్తే సమస్య మరింత జటిలమవుతుంది. న్యూయార్క్ వీధులలో చిత్రకారులు తమ చిత్రాలను తామే అమ్ముకొనేవారు. పరిమిత సంఖ్యలో మాత్రమే ఇచ్చే వర్తక లైసెన్సు వారికి దొరికేది కాదు. చిత్రం కూడా భావప్రకటనేనని, ఆ లైసెన్సు నిబంధనతో దానిని అడ్డుకోరాదని 1996లో అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. 1997లో షికాగోలో నినాదాలు ముద్రించిన టీషర్టుల అమ్మకం విషయంలో మరొక అప్పీలు న్యాయస్థానం ఇదే ధోరణిలో నడిచింది. న్యాయమూర్తి రిచర్డ్ పోస్నర్ తీర్పు ప్రకారం నినాదమున్న టీషర్టు కూడా ఒక ప్రచార సాధనమే. దాని విక్రయాన్ని పూర్తిగా నిషేధించడానికి నగరం తగిన కారణం చూపలేకపోయింది.

ఆ స్వేచ్ఛకు కూడా హద్దులు ఏర్పడ్డాయి. 2010లో న్యూయార్క్ నగరం సెంట్రల్ పార్కులోని కొన్ని భాగాలలోనూ, మరి మూడు రద్దీ ఉద్యానాలలోనూ చిత్రాలు, పుస్తకాలు అమ్మేవారికి నిర్ణీత స్థలాలను గుర్తించింది. ముందు వచ్చినవారికి ముందు స్థలం అన్న పద్ధతిని పెట్టింది. 2013లో అప్పీలు న్యాయస్థానం ఈ నియమాన్ని ఆమోదించింది. పూర్తి నిషేధానికీ, హద్దుల నిర్ణయానికీ ఉన్న తేడా ఇక్కడ కనిపిస్తుంది. మొదటిది తలుపు మూస్తుంది, రెండవది గడప ఎక్కడో చూపుతుంది.

నియమం న్యాయంగా ఉంటే చాలదు. దానిని అమలు చేసే చేయి కూడా న్యాయంగా ఉండాలి. అనుమతి ఇచ్చే అధికారికి హద్దులేని విచక్షణ ఉంటే తనకు నచ్చినవారికి స్థలం ఇచ్చి, నచ్చనివారికి ఏదో ఒక సాకు చెప్పవచ్చు. షికాగో ఉద్యాన మండలి నిబంధనలపై 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయానికి సంబంధించినది. యాభై మందికి మించిన సమావేశాలకూ, ధ్వనివర్ధకాలు వాడే కార్యక్రమాలకూ అక్కడ అనుమతిపత్రం అవసరం. దరఖాస్తుపై గరిష్ఠంగా 28 రోజులలో నిర్ణయం వెలువడాలి. ఏయే కారణాలపై నిరాకరించవచ్చునో నిబంధనలోనే పేర్కొనాలి. నిరాకరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలి. పై అధికారికీ, ఆ తరువాత న్యాయస్థానానికీ మొరపెట్టుకొనే దారి ఉండాలి. ఈ రక్షణలన్నీ ఉన్నందున న్యాయస్థానం ఏకగ్రీవంగా ఆ పద్ధతిని సమర్థించింది. కాదనే హక్కు ఉన్న అధికారికి ఎందుకు కాదన్నాడో చెప్పే బాధ్యత కూడా ఉన్నది.

అదే షికాగోలో నియమం హద్దు మీరిన సందర్భమూ ఉన్నది. మిలీనియం పార్కులో ముంబయిలో జన్మించిన శిల్పి అనీశ్ కపూర్ రూపొందించిన ‘క్లౌడ్ గేట్’ అనే మెరిసే శిల్పం ఉన్నది. దాని పరిసరాలలో 2018లో కొందరు కళాశాల విద్యార్థులు తమ మతాన్ని గురించి ప్రసంగిస్తూ కరపత్రాలు పంచుతుండగా ఉద్యాన సిబ్బంది ఆపివేశారు. ఆ తరువాత నగరం రూపొందించిన నిబంధనలు ఉద్యానాన్ని పదకొండు భాగాలుగా విభజించాయి. ప్రసంగాలనూ, కరపత్రాల పంపిణీనీ ఒక్క భాగానికే పరిమితం చేశాయి. తక్కిన భాగాలలో సందర్శకులు కళను ప్రశాంతంగా ఆస్వాదించాలన్నది నగరం చెప్పిన కారణం. 2020 ఫిబ్రవరిలో ఫెడరల్ జిల్లా న్యాయస్థానం ఆ నిబంధనల అమలును తాత్కాలికంగా నిలిపివేసింది. కళాఖండాలు ఉన్నంత మాత్రాన ఉద్యానం ఉద్యానం కాకుండా పోదని ఆ ఉత్తర్వు సారాంశం.

ఈ సందర్భాన్ని నౌంబర్గ్ వేదిక తీర్పుతో పోల్చి చూడాలి. సభ జరుగుతున్న గంటలో, శ్రోతలు కూర్చొన్న వరుసల నడుమ, కరపత్రాలు పంచవద్దంటే అది సమంజసమే. సభ లేని ఉదయాన ఖాళీ పచ్చికపై కూడా పంచరాదంటే ఆ నియమం సంగీతాన్ని కాపాడుతున్నదని చెప్పలేము. స్థలం ఒకటే అయినా వేళ మారితే న్యాయం మారుతుంది. నియమం తన ప్రయోజనం ఎంతవరకు ఉన్నదో అంతవరకే సాగాలి.

చిరువర్తకుల సంగతి ఇంకా మిగిలి ఉన్నది. భావప్రకటన రక్షణ పల్లీల బుట్టకు వర్తించదు. న్యూయార్క్ ఉద్యానాలలో తినుబండారాలు అమ్మే బండ్ల స్థలాలను నగరం వేలం ద్వారా కేటాయిస్తుంది. సెంట్రల్ పార్కులోని జంతుప్రదర్శనశాల సమీపంలో ఒక బండి స్థలానికి 2013 నాటికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లకు మించిన మొత్తం పలికింది. అంత పైకం చెల్లించినవాడు తన పక్కన అనుమతి లేని బండి నిలిస్తే సహించడు. నగరం కూడా తన ఆదాయాన్ని కాపాడుకోవాలనుకొంటుంది. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. నియమం శ్రోతల సౌకర్యం పేరుతో మొదలై క్రమంగా అధిక ధర చెల్లించగలవారి గుత్తహక్కుగా మారే ప్రమాదం లేకపోలేదు. ఉచిత సభలో నీళ్ళు కూడా పేదవాడు కొనలేని ధర పలికితే ఆ సభ ఉచితమన్న మాటలో నిజం కొంత తగ్గిపోతుంది.

ఈ విషయంలో భారతదేశం తనదైన దారిని ఎంచుకొన్నది. నౌంబర్గ్ వేదిక తీర్పు వెలువడిన 1989లోనే భారత సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం సోదాన్ సింగ్ వ్యాజ్యంలో ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. వీధిలో సరుకులు అమ్ముకోవడం రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణం ప్రకారం ప్రాథమిక హక్కేనని చెప్పింది. అయితే సమంజసమైన ఆంక్షలకు అది లోబడి ఉంటుందని, ఫలానా చోటే కావాలని కోరే హక్కు మాత్రం ఎవరికీ లేదని స్పష్టం చేసింది. 2014లో వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ, వీధి వ్యాపార నియంత్రణ చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం పట్టణ వ్యాపార కమిటీలలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారుల ప్రతినిధులై ఉండాలి. కనీసం ఐదేళ్ళకొకసారి వ్యాపారుల సర్వే జరగాలి. ఒకరిని తొలగించాలన్నా, వేరొక చోటికి మార్చాలన్నా 30 రోజుల ముందు తెలియజేయాలి. ఎవరి మీద నియమం అమలవుతుందో వారికి ఆ నియమ నిర్మాణంలో చోటు కల్పించడం ఈ చట్టంలోని విశేషం. శ్రోతల ప్రశాంతతకు సంబంధించి 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు బహిరంగ ప్రదేశాలలో ధ్వనివర్ధకాల వాడకాన్ని సాధారణంగా నిషేధిస్తున్నాయి.

ఇంతవరకు పరిశీలించిన విషయాల నుండి కొన్ని సూత్రాలు ఏర్పడుతున్నాయి. నియమాన్ని ముందుగా రాసి అందరికీ తెలిసే చోట ఉంచాలి. అమ్మకానికీ, యాచనకూ, కరపత్రానికీ ఉన్న తేడాను అది గుర్తించాలి. అమ్మకానికి స్థలం చూపాలి. విరాళానికి వేళ చూపాలి. కరపత్రానికి వీలైనంత స్వేచ్ఛ ఇవ్వాలి. వేదిక ముందు, వరుసల నడుమ, అత్యవసర ద్వారాల వద్ద అడ్డు లేకుండా చూడాలి. తాను పాడిన పాటల డిస్కులను కళాకారుడు అమ్ముకోవడానికి సభ ముగిసిన తరువాత ఒక బల్ల చూపితే సరిపోతుంది. అనుమతి నిరాకరించినప్పుడు కారణం చెప్పాలి. అన్నింటికంటె ముఖ్యంగా, నియమం పనిని చూడాలి గాని మనిషిని చూడరాదు. పెద్ద కంపెనీ ప్రకటన ఫలకానికి వేదికపై చోటిచ్చి, పేద చిత్రకారుడి చాపను తీసివేయించే నియమం అందరికీ సమానమైనది కాదు.

నియమాలు ఎన్ని ఉన్నా ఉద్యాన సభను చివరికి కాపాడేది పౌరుల సంస్కారమే. విరామం వరకు ఆగి అడిగే సేవకుడు, కేకలు వేయకుండా తన స్థలంలో నిలిచే వర్తకుడు, కాదనవలసి వచ్చినా మర్యాదగా కాదనే శ్రోత ఉన్నచోట కాపలావాడికి పని తగ్గుతుంది. నౌంబర్గ్ తన పైకంతో కట్టించిన వేదికకు ప్రవేశద్వారం లేదు. ద్వారం లేని చోట క్రమాన్ని నిలబెట్టవలసినవారు అక్కడ కూర్చొన్నవారే.

పదాలు – అర్థాలు

ఒరుసుకొను = రాపిడి చెందు, తగులుకొను
పూనిక = సంకల్పం, ప్రయత్నం
ఆర్థిక మాంద్యం = వ్యాపారాలు, ఉపాధి సన్నగిల్లిన స్థితి
వేళ్ళూనుకొను = స్థిరపడు
చదివింపులు = కథకులకు, వధూవరులకు అందరి ఎదుట ప్రకటించి ఇచ్చే కానుకలు
ఆదరవు = ఆధారం
సమంజసం = తగినది, న్యాయమైనది
జటిలం = చిక్కైనది
విచక్షణ = మంచిచెడులు ఆలోచించి నిర్ణయించే శక్తి
గుత్తహక్కు = ఒక్కరికే చెందిన హక్కు
ధర్మాసనం = న్యాయమూర్తుల పీఠం

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.

1. బహిరంగ స్థలాలలో అమ్మకం, విరాళాల యాచన, కరపత్రాల పంపిణీలకు ఉన్న భేదాలను పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.
2. నౌంబర్గ్ వేదిక వివాదంలో సుప్రీంకోర్టు సూచించిన మూడు పరీక్షలను తెలిపి, వాటిని మిలీనియం పార్కు నిబంధనలకు అన్వయించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.

1. షికాగోలో ఉచిత సంగీత సభలు ఏ పరిస్థితులలో ప్రారంభమయ్యాయి?
2. హరికథలోని చదివింపుల ఉదాహరణ ద్వారా తెలిసే విషయమేమిటి?
3. అనుమతి ఇచ్చే అధికారికి ఏయే బాధ్యతలు ఉండాలి?
4. వీధి వ్యాపారుల చట్టంలోని విశేషాలను తెలపండి.

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.

1. అడగడం తప్పు కాదు, అడిగే వేళ తప్పు కావచ్చు.
2. మొదటిది తలుపు మూస్తుంది, రెండవది గడప ఎక్కడో చూపుతుంది.
3. నియమం పనిని చూడాలి గాని మనిషిని చూడరాదు.

ఈ) ఏకవాక్య సమాధానాలు రాయండి.

1. సెంట్రల్ పార్కులోని సంగీత వేదిక ఏ సంవత్సరంలో ఏర్పడింది?
2. గ్రాంట్ పార్కు సభలకు పూనుకొన్నవారెవరు?
3. సోదాన్ సింగ్ వ్యాజ్యంలో ప్రస్తావనకు వచ్చిన రాజ్యాంగ అధికరణం ఏది?
4. ‘క్లౌడ్ గేట్’ శిల్పి ఎవరు?

ఉ) భాషాకార్యం

1. మీ ఊరి ఉద్యానవనంలోనో, ఉత్సవ పందిట్లోనో ఉచిత సంగీత సభ జరుగుతున్నదనుకొని, అమ్మకాలకూ విరాళాలకూ వర్తించే నియమాలను పది వాక్యాలలో రాయండి. ప్రతి నియమానికీ కారణం తెలపండి.